అమ్మకు జీరో టికెట్, నాకు ఫుల్ టికెట్

2024లో మొత్తం పదకొండు ట్రిప్పులు వేశాను. గోవా లేదు, మనాలీ లేదు. పదకొండింటికీ స్టార్టింగ్ పాయింట్ మా తొర్రూరు బస్టాండే. పదకొండింటిలోనూ పక్క సీట్లో మా అమ్మే. హైదరాబాద్‌లో మా టీమ్‌లో ఎవరైనా "వీకెండ్ ఎక్కడికి బ్రో?" అంటే "పాలకుర్తి" అని చెప్పేవాణ్ణి. కొత్త రిసార్టేమో అని ఒకడు గూగుల్ కూడా చేశాడు.

అసలు కారణం మోకాళ్లు. అమ్మ ముప్పై ఏళ్లుగా కాలు మిషన్ తొక్కుతూ జాకెట్లు కుడుతోంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఏడాదిలోపు మార్పించాల్సిందే అని డాక్టర్ చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కమాటే అన్నది: "ఆపరేషన్ అయినంక నడుస్తనో నడువనో ఎవలికెరుక. గీ కాళ్లున్నప్పుడే నాలుగు చోట్లు చూపియ్యి బిడ్డా." కారు మాట్లాడదామంటే వద్దంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఫ్రీ కదా, మళ్లీ కారెందుకని ఆమె లాజిక్. కండక్టర్ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టిచ్చిన ప్రతిసారీ దాన్ని మడిచి పర్సులో పెట్టుకునేది. నా టికెట్ నాకే ఇచ్చేది, "నీది నువ్వు దాసుకో" అని.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే ఫ్రీ. సూపర్ లగ్జరీ ఎక్కితే అమ్మకూ టికెట్టే. బస్సుల్లో రద్దీ బాగా పెరిగింది, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే బస్సు బయల్దేరే స్టాండ్‌లోనే ఎక్కండి, మధ్యలో ఎక్కితే సీటు మీద ఆశ పెట్టుకోకండి. ఒకసారి హన్మకొండ బస్సులో నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన "ఫ్రీ అని పనిలేక తిరుగుతుండ్రు" అని సణిగాడు. అమ్మ కిటికీలోంచి మొహం తిప్పి, "ముప్పై ఏండ్లు పనే చేసిన తమ్మీ, జర తిరుగనియ్యి" అన్నది. ఆయన తర్వాతి స్టేజీ దాకా ఫోనే చూసుకున్నాడు.

ట్రావెల్ వీడియోల్లో డ్రోన్ షాట్ ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉంటుంది. మెట్లెన్నో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేనే ఒక ఎక్సెల్ షీట్ చేసుకున్నాను. మెట్లు ఎన్ని, బస్సు దిగాక నడక ఎంత, కూర్చోవడానికి నీడ ఉందా, టాయిలెట్ ఉందా. ఇవే కాలమ్స్. రేటింగ్ కాలమ్ పెట్టలేదు.

టాయిలెట్ కాలమ్ మూడో ట్రిప్పుకు చేరింది. ఎండలో కూడా అమ్మ నీళ్ల బాటిల్ ముట్టకపోవడం గమనించి అడిగితే, "ఎక్కడ పోవాలె మరి, అందుకే తాగ" అన్నది. పెళ్లిళ్లకు పోయినా, ఆసుపత్రికి పోయినా ఇన్నేళ్లూ అంతేనట. ఆ తర్వాత ఎక్కడ దిగినా నా మొదటి పని టాయిలెట్ వెతకడం, లోపల నీళ్లున్నాయో లేదో అక్కడున్న అక్కలను అడగడం. గుడి చరిత్ర తర్వాత. మీరు మీ అమ్మను ఎక్కడికి తీసుకెళ్లినా ముందు ఈ ఒక్క సంగతి తేల్చేయండి. మిగతా ప్లాన్ కొంచెం అటూ ఇటూ అయినా ఆమె హ్యాపీగా ఉంటుంది.

ఇక చోట్లు. మేడారం జాతర ఆ ఏడాది ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. మేం జనవరిలోనే ఒక బుధవారం వెళ్లొచ్చాం. ముందస్తు మొక్కుల వాళ్లు ఉంటారు కానీ గద్దెల దగ్గర నిలబడి దండం పెట్టుకునే జాగా దొరుకుతుంది. అమ్మ నిలువెత్తు బంగారం మొక్కుకుంది. తక్కెడలో ఒకవైపు అమ్మ, ఇంకోవైపు బెల్లం. "గింత బరువు మోస్తే మోకాళ్లు పోవా మరి" అని తనమీద తనే జోకు వేసుకుంది. గద్దెల ముందు మాత్రం చాలాసేపు కళ్లు తెరవలేదు. ఏం మొక్కావని నేనూ అడగలేదు.

మాకు దగ్గరిది పాలకుర్తి. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు, దొరకు ఎదురునిలిచి తన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ ఊరు కూడా. సోమేశ్వరస్వామి గుడి గుట్టమీద ఉంది. అమ్మ సగం దాకా ఎక్కి ఒక మెట్టుమీద కూర్చుండిపోయింది. "నువ్వు పోయిరా, నేను ఈడికెళ్లే మొక్కుత" అన్నది. నేనూ అక్కడే కూర్చున్నాను. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది, గాలి బాగుంటుంది. ఐలమ్మ గురించి అమ్మమ్మ చెప్పిన కథలన్నీ అమ్మ ఆ మెట్టుమీదే చెప్పింది. పైదాకా వెళ్లి ఉంటే అవి వినేవాణ్ణి కాదేమో. పక్కనే పోతన ఊరు బమ్మెర. అక్కడ అంతా నేలమీదే, ఎక్కేది లేదు, దిగేది లేదు.

పదకొండింటిలో నంబర్ వన్ మాత్రం రామప్ప. హన్మకొండ నుంచి ములుగు బస్సు, అక్కడి నుంచి పాలంపేటకు ఆటో. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దీని మీద రీల్స్ బోలెడు వచ్చాయి కాబట్టి నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక అన్నీ మీకు తెలిసే ఉంటాయి. పదింటిలోపు చేరుకోండి, చెప్పులు విప్పాక మధ్యాహ్నం ఆ రాళ్లమీద నడవలేరు.

నేను ఇంజినీర్‌ని కాబట్టి ఇటుకలూ పునాదీ మీద పడ్డాను. అమ్మ చూపంతా చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికల మీద. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి బట్ట ఎక్కడ మడత పడింది, అంచు ఎలా తిరిగింది, నగ ఎక్కడ వేలాడుతోంది అని దర్జీ లెక్కల్లో చూసింది. "ఫోటో తీయి, గీ అంచు డిజైన్ మగ్గం వర్కుకు పనికొస్తది" అని నాతో ఆరేడు ఫోటోలు తీయించింది. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు చూసి ఆగకుండా నవ్వింది. గుడి కట్టింది 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు అని నేను చెప్తూ, పనికి నలభై ఏళ్లు పట్టిందంటారు అన్నాను. అప్పుడు నవ్వు ఆపింది. "నలభై ఏండ్లు కూసోని చెక్కినోళ్ల మోకాళ్లు ఏం గావాలె బిడ్డా?" అన్నది. రామప్ప మీద నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ ప్రశ్న రాలేదు.

లక్నవరం గురించి పెద్దగా చెప్పను. చెరువు అందమైనదే, వేలాడే వంతెన మీద మాత్రం ఆదివారం సెల్ఫీల ట్రాఫిక్ జామ్. "పైసలిచ్చి భయపడుడెందుకు" అని అమ్మ తీర్పు. దానికంటే వరంగల్ కోటలో కీర్తితోరణాల మధ్య గడ్డిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడం ఆమెకు బాగా నచ్చింది. రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. వేయిస్తంభాల గుడిని కూడా అదే రోజు కలిపేద్దామని నాకు ఉబలాటం. అమ్మ ససేమిరా అన్నది. దానికోసం ఇంకో నెలలో మళ్లీ వెళ్లాం.

డోర్నకల్‌కు సెప్టెంబర్ 1, ఆదివారం అనుకున్నాం. ఆ రోజే ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్లు మళ్లీ నడిచినా వెంటనే పోబుద్ధి కాలేదు. నవంబర్‌లో మహబూబాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య కట్టించిన కెథడ్రల్ అది, 1939లో ప్రారంభమైంది. స్తంభాలు గుడివి, గుమ్మటాలు మసీదువి, లోపల శిలువ. అమ్మ గేటు దగ్గరే, "ఇంతకూ ఇది ఏందిరా?" అని అడిగింది. లోపల చల్లగా ఉంది. గంటసేపు కూర్చుంది. అదే ఆఖరి ట్రిప్పు.

డిసెంబర్‌లో ఆపరేషన్ అయింది. ముందు రాత్రి హాస్పిటల్ బెడ్ మీద ఆమె ఫోన్లో మదనికల ఫోటోలు పెద్దవి చేసి చూస్తూ ఉంది. రెండో రోజు వాకర్ పట్టుకుని వార్డు చివరిదాకా నడిచి, గోడకు ఆనుకుని ఏడ్చింది. నొప్పికా అంటే కాదన్నది. ఇప్పుడు ఇంట్లో రోజూ ఎక్సర్‌సైజ్‌లు చేస్తోంది. కాలు మిషన్‌కు మోటార్ పెట్టించాం. వానలు పడ్డాక బొగత జలపాతం చూపించమంటోంది. ఏటూరునాగారం దాటి, గోదావరి బ్రిడ్జి దాటి వాజేడు మండలంలో ఉంటుంది. నేను ఇంకా చూడలేదు. షీట్‌లో బొగత వరసలో మెట్ల కాలమ్ ఖాళీగా ఉంది. మీలో ఎవరైనా వెళ్తే కాస్త లెక్కపెట్టి చెప్పండి, టాయిలెట్ సంగతి కూడా.