పాత గోవాలో ఎర్రరాయి

మేం గోవాకు వెళ్లింది జూలైలో, జోరు వానల్లో. మా నాన్నకు సముద్రం చూడాలన్న ఆశేమీ లేదు. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రరాయితో ఇళ్లు కట్టిన మేస్త్రీ ఆయన. అదే రాయితో పోర్చుగీసువాళ్లు అంతంత చర్చిలు కట్టారంటే తన కళ్లతో చూడాలన్నాడు.

పనజీ నుంచి మాండవి ఒడ్డు వెంట పోతే పాత గోవా. ఒకవైపు నిండుగా పారే నది, మరోవైపు కొబ్బరిచెట్లు, వాటి పైనుంచి తొంగిచూసే గోపురాలు. తూర్పు దేశాల్లోని పోర్చుగీసు రాజ్యానికంతటికీ ఒకప్పుడు ఇదే రాజధాని. అంటురోగాలకు జనం ఊరొదిలి పోయారు. 1843లో రాజధాని హోదా కూడా పనజీకి వెళ్లిపోయింది. ఇళ్లూ వీధులూ పోయి చర్చిలు నిలిచాయి.

1619లో పూర్తయిన సే కెథడ్రల్ తెల్లగా సున్నం వేసుకుని ఉంది. దాని రెండు గంట గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. రోడ్డు దాటితే బోమ్ జీసస్ బసిలికా. ఇది మాత్రం ఎర్రగా, రాయి రాయీ కనిపిస్తూ ఉంటుంది. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే నాన్న పక్కగోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు. బొటనవేలితో రుద్దితే ఎర్రటి రవ్వ రాలింది.

"గచ్చు ఏది బిడ్డా దీనికి?"

1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చికీ మొదట్లో గచ్చు ఉండేది. పాతదనం కనబడాలని 1950లలో ఒక పోర్చుగీసు వాస్తుశిల్పి దాన్ని గీకించేశాడు. ఆ సంగతి చెబితే నాన్న ముఖం మాడ్చుకున్నాడు. "ఈ రాయి నీళ్లు తాగుతది. మన దగ్గరి వానకే గచ్చు లేకుంటే కష్టం. ఈడ ఇంత వాన!"

లోపల సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్న వెండి పేటిక గోవా కంసాలుల పని. దాని కింది పాలరాతి కట్టడం ఫ్లోరెన్స్ నుంచి వచ్చింది. నాన్న ఆ పాలరాతి చెక్కడాన్ని చాలాసేపు చూశాడుగానీ, బయటికి రాగానే మళ్లీ గోడ మాటే.

అక్కడి నుంచి గుట్టెక్కి సెయింట్ అగస్టిన్ శిథిలాలకు వెళ్లాం. అటువైపు వచ్చేవాళ్లు తక్కువ. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం మఠాలను మూయించి సన్యాసులను వెళ్లగొట్టింది. చూసుకునేవాళ్లు లేక 1842లో ఈ చర్చి కప్పు కూలింది. 1931లో ముందుభాగం, గోపురంలో సగం పడిపోయాయి. ఇప్పుడు 46 మీటర్ల మొండిగోపురం ఒక్కటే నిలబడి ఉంది. నేలంతా సమాధి రాళ్లు. చెక్కిన అక్షరాల్లో వాననీళ్లు నిలిచి, చదవరాని ఆ పోర్చుగీసు పేర్లన్నీ తళతళ మెరుస్తున్నాయి. గోడల మొదట్లో అక్కడక్కడ నీలిరంగు పలకల ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి.

ఇక్కడే జార్జియా రాణి కెతెవాన్ కథ చెప్పాను నాన్నకు. మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో షా అబ్బాస్ ఆమెను చంపించాడు. అగస్టీనియన్ సన్యాసులు ఆమె ఎముకలు కొన్ని తెచ్చి ఈ మఠంలో దాచారని పాత పోర్చుగీసు పత్రాల్లో ఉంది. ఆ ఆధారంతో పురావస్తు శాఖవాళ్లు తవ్వగా ఒక చేతి ఎముక దొరికింది. అది ఆమెదేనా అని పరీక్షించింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ. తల్లివైపు నుంచి వచ్చే డీఎన్ఏను చూశారు. మన దేశస్థుల నమూనాల్లో కనబడని గుర్తు అందులో ఉంది, జార్జియావాళ్లలో కొందరికి అది కలిసింది. 2021లో మన ప్రభుత్వం ఆ అవశేషంలో ఒక భాగాన్ని జార్జియాకు అప్పగించింది.

"మన హైదరాబాద్‌లనా?" అని నాన్న రెండుసార్లు అడిగాడు. సీసీఎంబీ దగ్గరి తార్నాక మీదుగా ఎన్నిసార్లు పోయుంటామో! నాలుగు వందల ఏళ్ల నాటి రాణి ఆనవాలు ఆ ఆవరణలోనే వెతికారంటే నాకూ ఒళ్లు పులకరించింది.

దిగి వస్తూ నాన్న బసిలికా వైపు చెయ్యి చూపించి, "కప్పు పోతే గుట్ట మీది దాని గతే దీనికి" అన్నాడు. కప్పు ఉన్నా గోడకు గచ్చు కావాలంటాడాయన. నాదీ అదే మాట. ఎర్రటి గోడ ఫొటోలో బాగుంటుంది, నిజమే. కానీ కట్టినవాళ్లు దాన్ని వానకు వదిలేయలేదు. డంగు సున్నంతో ఆ గచ్చును తిరిగి పెట్టించాలి. మీరు గోవా వెళ్తే బసిలికా దగ్గరే ఆగిపోకండి, ఆ గుట్ట కూడా ఎక్కండి.