నింగి నుంచి రాలిన కరువు

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక నేలకు తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. కల్పనా చావ్లా కోసం మనమంతా టీవీల ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాం. ఆ శకలాలు ఎక్కువగా రాలింది తూర్పు టెక్సాస్ పల్లెల్లో. అక్కడి రాంచర్లకు, అంటే పెద్దపెద్ద బీళ్లలో ఆవుల మందలు మేపుకునే ఆసాములకు, ఆ శకలాల పుణ్యమా అని కరువు సాయం అందిందంటే నమ్ముతారా?

జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు మా మాస్టారు ఓ పాత కథనం చేతికిచ్చి చదవమన్నారు. 2006 జులైలో వాషింగ్టన్ పోస్ట్ వేసింది. అందులో ఉందీ సంగతి.

అసలు కథ 2002లో మొదలైంది. ఆ ఏడాది కొలరాడోలో, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో నిజంగానే కరువు. బీళ్లలో గడ్డి మాడిపోయింది. సెప్టెంబరులో ప్రభుత్వం పశువుల ఆసాములకు పరిహారం ప్రకటించింది. నవంబరులో ఎన్నికలున్నాయి లెండి! తలకింత అని లెక్క. మాంసం కోసం పెంచే ఆవుకు 18 డాలర్లు. ఎంత నష్టపోయావని అడిగిన నాథుడు లేడు. కౌంటీ (మన జిల్లాలాంటిదే అనుకోండి) జాబితాలో ఉంటే చాలు, దరఖాస్తు పెట్టుకుంటే చెక్కు వచ్చేసేది. 2003లో అమెరికా కాంగ్రెస్ ఇంకో అడుగు ముందుకేసింది. కరువే అక్కర్లేదు, ఏ విపత్తు ప్రకటించినా సరేనంది. వ్యోమనౌక ముక్కలు పడ్డ కౌంటీలూ అలా లెక్కలోకి వచ్చేశాయి. ఆవు మీద ఒక్క ముక్కయినా పడనక్కర్లేదు! రెండేళ్లలో 120 కోట్ల డాలర్లు ఖర్చయితే, అందులో 63.5 కోట్లు కరువు లేని, లేదా ఓ మోస్తరుగా ఉన్న చోట్లకే వెళ్లాయని ఆ పత్రిక లెక్క తేల్చింది.

క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం మా ఊరు గుర్తొచ్చింది.

మాది అనంతపురం జిల్లా. కరువు మండలాల జాబితా అంటే మాకు టెన్త్ రిజల్ట్స్‌లాంటిది. ఓసారి వంక అవతలి మండలం పేరుంది, మాది లేదు. రెండువైపులా ఎండింది అదే వేరుసెనగ. మా మేనమామకైతే జాబితాలో ఉన్నా లేకపోయినా ఒకటే. ఆయనవి గొర్రెలు. ఇన్‌పుట్ సబ్సిడీ పంటకే గానీ మేతకు కాదుగా.

అమెరికావాళ్లు తర్వాత కొంత సర్దుకున్నారు. 2008 వ్యవసాయ చట్టంలో మేత కరువుకు విడిగా ఓ పథకం పెట్టారు. ప్రతి గురువారం విడుదలయ్యే కరువు పటమే దానికి కొలబద్ద. కౌంటీ ఏ రంగులోకి వెళ్లింది, ఎన్ని వారాలుంది అని చూసి, నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన ఇస్తారు. ఒకరికి ఏడాదికి 1,25,000 డాలర్లు మించకూడదు. బాగానే ఉంది కదా? కానీ ఓ మూల ఆ రంగు తగిలినా కౌంటీ మొత్తానికీ వర్తిస్తుంది. ఇంతకన్నా దారుణం మరొకటుంది. 2011 సెప్టెంబరు ఆఖరుకు గడువు ముగిసి పథకం ఆగిపోయింది. సరిగ్గా 2012లో దేశంలో సగానికి పైగా నేల ఎండింది. మేత కొనలేక చాలామంది మందలు అమ్ముకున్నారు. 2014లో కొత్త చట్టం తెచ్చి, పథకాన్ని శాశ్వతం చేసి, పాత కరువుకూ కలిపి చెల్లించారు. చెక్కు వచ్చేనాటికి దొడ్లో ఆవులు లేవు.

శకలాల చెక్కుల మీద ఎంతైనా జోకులేసుకోవచ్చు. నన్నడిగితే ఈ ఆలస్యమే పెద్ద పాపం. అక్కర లేనివాడికి ముందుగా, అక్కర ఉన్నవాడికి ఆనక!

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మామకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆడ గొర్రెలకు గూడా ఇస్తారా?"

ఇస్తారన్నాను.

"సొంత బూమి లేనోడికో?"

"కౌలుకు తీసుకుని మేపుతున్నట్టు కాగితం చూపిస్తే ఇస్తారు మామా."

"కాగితమా!" అంటూ నవ్వాడు. కర్ర అందుకుని, గొర్రెల్ని అదిలిస్తూ గుట్టవైపు వెళ్లిపోయాడు.