పాటకు కూలి

ఇంట్లో ఆడపిల్ల పాడతానంటే మురిసిపోని తల్లి వుండదు. పెళ్ళిచూపుల్లో కూడా అక్కరకొచ్చే విద్య అది. అదే పిల్ల, "నేను పాడను, మాట్లాడతాను, ఆ మాట్లాడేదే పాట" అన్నదనుకోండి, అక్కణ్ణుంచి మొదలవుతుంది చిక్కు. మా వదినగారికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే.

మా వదిన కూతురికి ఇరవై ఆరేళ్ళు. అనంతపురంలోనే బి.కాం. చదివి, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తుంది. పొద్దున తొమ్మిదికి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి, సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరే బుద్ధిమంతురాలే. రాత్రి భోజనాలయ్యాకనే ఆవిడగారి అసలు రూపం బయటపడుతుంది. గదిలో తలుపేసుకుని, గోడలకు బొంతలు వేలాడదీసి, మైకు ముందు నిలబడి ర్యాప్ చెబుతుంది. బొంతలెందుకే అంటే, వట్టి గోడలు ప్రతి మాటనూ తిప్పి కొడతాయట. అవి వాళ్ళ జేజి పాతచీరలతో కుట్టిన బొంతలు. చలికి కాకుండా చప్పుడుకు అడ్డం పడడం వాటికి కొత్త వుద్యోగమే.

ర్యాప్ అంటే చాలాకాలం నాకు 1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమాయే. రెహమాన్ చేసిన ఆ పాటల్లో ఒకదాంట్లో మాటలు గులకరాళ్ళు విసిరినట్టు వచ్చి పడేవి. పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటే, పిల్లలం మేము పోటీలుపడి బట్టీపట్టాం. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. ఇన్నేళ్ళకు మా కోడలుపిల్ల కూర్చోబెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెబితే, చెప్పొద్దూ, ఆశ్చర్యపోయాను.

న్యూయార్కులో బ్రాంక్స్ అని బీదవాళ్ళుండే పేట. 1973 ఆగస్టు 11న అక్కడ సెడ్‌విక్ ఎవెన్యూలో 1520 నంబరు భవనంలో ఒక పార్టీ జరిగింది. ఏర్పాటు చేసింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. ఎందుకనుకున్నారు? బడి తెరిచేనాటికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలి! ఆడపిల్లలకు పావలా డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు. రికార్డులు వేసే పని వాళ్ళ అన్నకు అప్పజెప్పింది. జమైకా నుంచి వచ్చిన ఆ పద్ధెనిమిదేళ్ళ కుర్రాడే డీజే కూల్ హెర్క్‌గా పేరుపడ్డాడు. గాయకుడు ఆగిపోయి వట్టి డోలు మోగే చోటే జనం ఎక్కువ హుషారుగా ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. అందుకని ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, ఒకటి అయ్యేలోగా రెండోది అందుకుంటూ ఆ డోలుముక్కనే సాగదీశాడు. దానిమీద మాటలు అల్లుతూ పోవడం అలవాటైంది. హిప్‌హాప్ పుట్టిందే ఆ పార్టీలో అంటారు. 1979లో 'రాపర్స్ డిలైట్' రికార్డు తీసి ఆ విద్యను వీధిలోంచి రేడియోలోకి తెచ్చిన నిర్మాత సిల్వియా రాబిన్సన్ కూడా ఆడదే. చూశారా, కథలో ఎక్కడ చూసినా మనవాళ్ళే!

"ఇదేదో అమెరికా పిచ్చి" అని మా వదిన కొట్టిపారేస్తుంది గానీ, నాకలా అనిపించదు. మా సీమలో 'ఉరుములు' అని వుంటాయి. ఆ వాద్యం పేరే ఉరుము. జాతరలో అది మోగుతుంటే గుండెలో మోగినట్టే వుంటుంది. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి వుంది. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది గానీ, వేమన్న మాత్రం అందరివాడే. ఎదుటివాడి మొహంమీద నిజం చెప్పడం, చెప్పి చివర్లో తన పేరు తనే వేసుకోవడం ఆయన పద్ధతి. మా కోడలుపిల్ల కూడా ప్రతి పాటలో ఎక్కడో ఒకచోట తన పేరు చెప్పుకుంటుంది. "అంత గొప్పేమిటే?" అని వాళ్ళమ్మ కసిరితే, "వేమన్న చెప్పుకోలేదా మా?" అని తిప్పికొట్టింది.

మా వదినను దారికి తేవడానికి ఆ పిల్ల రాజకుమారి ఫోటోలు కూడా చూపించింది. కాలిఫోర్నియాలో తెలుగువాళ్ళింట పుట్టి, కూచిపూడీ భరతనాట్యం నేర్చుకుని, ర్యాపులో పేరు తెచ్చుకున్న అమ్మాయి. గ్వెన్ స్టెఫానీ వంటి అక్కడి గాయనులకు పాటలు రాసింది. 2017లో బొంబాయి ర్యాపర్ డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' పాడింది. 2023లో 'జవాన్' సినిమాలోనూ ఆమె గొంతు వినిపించింది. పెద్ద కంపెనీల నీడలోంచి బయటికొచ్చి 'గాడ్‌మెర్సీ రికార్డ్స్' అని తన సొంత సంస్థ పెట్టుకుంది. మా వదిన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "బొట్టూ నగలూ బాగానే పెట్టుకుంది" అని మాత్రం ఒప్పుకుంది. అంతకుమించి ఒక్క అంగుళం కదల్లేదు.

ఇంతకీ ఈ పిల్ల ఏం చెబుతుంది తన పాటల్లో? ఇక్కడి సంగతులే. పడమటి కనుమలు నైరుతి మబ్బులను అక్కడే పట్టుకుంటాయి. ఈశాన్యపు మబ్బులు కోస్తా దాటి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. మధ్యలో మేం. ఏడాది మొత్తంమీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడవలసినప్పుడు పడితే! నీళ్ళకోసం వెయ్యి అడుగులు తవ్వి దుమ్ము పైకి తెచ్చే బోరులారీలూ, తాళాలేసి బెంగుళూరు పనులకు వెళ్ళిపోయిన ఇళ్ళూ, ఇవీ ఆమె పాటల్లోని వస్తువులు. మాటలు కూడా మా యాసే. "నేను న్యూయార్కు పిల్లలెక్క అరిస్తే నా పాట ఎవురికి కావాలత్తా?" అంటుంది.

వీటిలో ఒక పాట మీకు ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ళ జేజి కళ్యాణదుర్గం వైపు పల్లెలో వుంటుంది. శెనక్కాయ పంట వేసే ఇళ్ళల్లో విత్తనాలకు ముందు ఆడకూలీలు వరసగా కూర్చుని కాయలు ఒలవడం మీలో కొందరికైనా తెలిసే వుంటుంది. బొటనవేలు కాయిలిపోయే పని. ఆ నొప్పి తెలీకుండా పాట అందుకునేవాళ్ళు. పోయిన సంక్రాంతికి మా కోడలుపిల్ల జేజి చేత ఆ పాట పాడించి ఫోనులో పట్టింది. కాయ పగిలే చప్పుడూ, చేటలో పప్పు చెరిగే చప్పుడూ విడివిడిగా పట్టింది. వాటిని ముక్కలు కోసి, వరసగా పేర్చి, తాళం తయారుచేసింది. దీన్ని వాళ్ళ భాషలో 'శాంప్లింగ్' అంటారు. ఆ తాళంమీద ఈమె మాటలు, నడుమ నడుమ జేజి గొంతు. మొదటిసారి విన్నప్పుడు నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ముసలావిడ మాత్రం, "నా దగ్గు గూడా వేసినావేమే" అని మనవరాలిని మందలించింది.

ఇంతవరకూ ముచ్చటగానే వుంది. ఇక లెక్కలు చూడండి. సొంతంగా పాట చేసుకునేవాళ్ళకు కంపెనీ వుండదు, కాబట్టి అడ్వాన్సు వుండదు. మైకూ, దాన్ని కంప్యూటరుకు కలిపే పెట్టే వాయిదాలమీద కొన్నది. ఇంకా పదకొండు వాయిదాలున్నాయి. పాటను స్పాటిఫై, జియోసావన్ వంటి చోట్లకు చేర్చే మధ్యవర్తి సంస్థకు ఏడాదికింత అని కట్టాలి. వినేవాళ్ళు ఒకసారి వింటే వచ్చేది పైసల్లో వుంటుంది. 2024 నుంచి స్పాటిఫై మరో నియమం పెట్టింది. ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినిపించని పాటకు ఆ పైసలు కూడా రావు. వెయ్యిమంది అంటే మనకు పెళ్ళిపందిరి గుర్తొస్తుంది గానీ, పేరులేని పిల్లకు వెయ్యిసార్లు వినేవాళ్ళను కూడగట్టడం వట్టి మాట కాదు.

అలాంటి సమయంలో ఈ వేసవిలో ఒక ఫోనొచ్చింది. సినిమాలకూ ప్రకటనలకూ సంగీతం సమకూర్చే మనుషులట. జేజి పాట విన్నారు, బాగుందన్నారు. పదిహేను వేలు ఇస్తామన్నారు. అన్ని హక్కులూ శాశ్వతంగా వాళ్ళవి. పేరు? "పేర్లెందుకమ్మా, 'జానపదం' అని వేస్తాం" అన్నారు.

ఆ రాత్రి వాళ్ళింట్లో పెద్ద పంచాయితీ. నన్ను కూడా పిలిపించారు. మా వదిన మాటలో న్యాయం లేదని నేననలేను. పల్లెలో వున్న నాలుగెకరాల మెట్టలో అన్నయ్యగారు వేయించిన రెండు బోర్లూ దుమ్మే కక్కాయి. ఆ అప్పు ఇంకా నడుస్తోంది. పదిహేను వేలంటే ఒక యేడాది వడ్డీలో పెద్ద ముక్క తీరుతుంది. "పాట ఇంకోటి కట్టుకోవచ్చు, మాట పోతే ఎట్లా? షావుకారు ముందర తలెత్తుకునేదెట్లా?" అంది వదిన. పిల్ల తల వంచుకుని, "జేజి జానపదం కాదు మా. జేజికి పేరుండాది" అంది. అంతే, ఇంకేం అనలేదు.

నేను నవలలు రాసుకునే మనిషిని గదా, ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. మా అమ్మ దగ్గర వారపత్రికల్లోంచి సీరియళ్ళు చించి కుట్టించిన బైండు పుస్తకాలు ట్రంకుపెట్టెడు వుండేవి. ఆ రోజుల్లో రచయిత్రుల పేర్లకెంత గిరాకీ అంటే, మగవాళ్ళు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన సంగతి తెలిసిందే. మరి ఆ పేర్లకు ముందు? దంపుళ్ళ పాటలు, విసుర్రాయి పాటలు, నాట్ల పాటలు, లాలిపాటలు ఎన్ని కట్టలేదు మన ముత్తవ్వలు! ఒక్కదాని కిందన్నా సంతకం వుందా? కట్టినావిడ పేరు పోయాకనే దానికి జానపదమని పేరొచ్చింది. ఇక్కడేమో కట్టినదీ పాడినదీ ఇంట్లోనే వున్నారు. వాళ్ళు బతికుండగానే ఆ పేరు తుడిచెయ్యడం దేనికి?

పేరు వున్నా న్యాయం జరుగుతుందన్న భరోసా లేదు. 2021లో తమిళంలో 'ఎంజాయ్ ఎంజామి' అనే పాట వచ్చింది. సంతోష్ నారాయణన్ సంగీతం, ధీ, అరివు పాడారు. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అవ్వ వల్లియమ్మాళ్‌ను తలుచుకుని అరివు దాన్ని రాశాడు. కోట్లసార్లు విన్నారు జనం. ఆ ఏడాదే ఒక పేరున్న సంగీత పత్రిక ముఖచిత్రం మీద ధీ వుంది, అరివు లేడు. పెద్ద రగడయింది. 2024లో ఆ సంగీత దర్శకుడే బయటికొచ్చి, ఆ పాట మీద తమకు ఆదాయమే అందలేదని చెప్పాడు. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమాకోసం రాసినా సరే, హాలు బయట ఆ పాట వినిపించినప్పుడల్లా వచ్చే రాయల్టీలో రచయితకూ, స్వరకర్తకూ సమానవాటా వుండాలన్నారు. మంచి చట్టమే. కానీ వాటా అడగాలంటే ముందు కాగితంమీద పేరుండాలి కదా!

ఇదంతా నేను వాళ్ళకు చెప్పాను. వడ్డీ సంగతి మాత్రం చెప్పలేకపోయాను, దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి అన్నయ్యగారే, అంతసేపూ నోరు మెదపని మనిషి, "మా అమ్మ పాట అమ్మి నేను వడ్డీ కట్టను" అని లేచిపోయారు. మా వదిన వంటింట్లోకెళ్ళి గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

పాట ఎవరికీ అమ్మలేదు. జూన్‌లో సొంతంగానే బయటపెట్టింది. మాటలూ తాళమూ ఆమె పేరుమీద, మూలపు పాటా గొంతూ జేజి పేరుమీద, ఇంటిపేరుతో సహా. అంతకుముందు ఆ పేరు రేషన్ కార్డు మీదా, బ్యాంకు పుస్తకం మీదా తప్ప ఎక్కడా అచ్చయి వుండదు. మూడు నెలలకు అన్ని చోట్లా కలిపి జమ అయింది అరవై రెండు రూపాయలు. వెయ్యి దాటిందో లేదో కూడా రోజూ చూస్తున్నాం.

మొన్న జేజి వూరినుంచి వచ్చింది. సంగతంతా విని, కాఫీ పూర్తిచేసి, "అయితే నా భాగమేదే?" అంది. మనవరాలు నవ్వుతూ తన పర్సులోంచి ముప్పై ఒక్క రూపాయలు తీసి చేతిలో పెట్టింది. ముసలావిడ వేళాకోళమాడుతోందనుకున్నాం. కాదు. నోట్లూ బిళ్ళా రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుంది.

"ఒలిచినదానికి సేర్ల లెక్కన కూలిచ్చినారు" అంది నా వైపు తిరిగి. "పాటకు ఎవురూ ఇయ్యలేదు సుమా."

మా వదిన పక్కనే నిలబడి వుంది. పదిహేను వేలెక్కడ, ముప్పై ఒకటెక్కడ అని ఆమె మనసులో కూడికలు, తీసివేతలు జరుగుతూనే వున్నాయని నాకు తెలుసు. అయినా ఆ పూట ఏమీ అనలేదు. అత్తగారికి ఇంకో గ్లాసు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.