నీళ్లొస్తే వరిది, రాకుంటే గొడ్లది

నెల్లూరు నుంచి కావలి వైపు జాతీయ రహదారి మీద పోతూ తూర్పుకు తిరిగితే అల్లూరు. పేరుకు కోస్తా ఊరే అయినా ఊళ్లో నిలబడితే సముద్రం కనపడదు. ముందు చెరువు, దాని కింద వరి మళ్లు. ఆ మళ్లు దాటాక రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, ఇసకపల్లి ఉప్పు మళ్లు. అలలు కనిపించేది ఇవన్నీ అయ్యాకే. ఉప్పు మళ్లకు, రొయ్యల గుంటలకు యజమానుల లెక్క ఉంది. వరికి కాలువ లెక్క ఉంది. వీటి మధ్య ఎవరి లెక్కలోనూ సరిగా చేరని జీవి గొడ్డు. దాని బతుకు చూడాలంటే అల్లూరుకు వేసవిలోనే రావాలి.

ఈ తీరానికి వాన పెద్దగా తెచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు కురిస్తే కురిసినట్టు, లేకుంటే లేదు. పెద్ద పంట నాట్లు ఆ వానల్లోనే పడతాయి, కోతలు ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. మార్చిలో వచ్చి చూస్తే రోడ్లన్నీ కోత మిషన్లు, వడ్ల ట్రాక్టర్లు. బేరాలు క్వింటాళ్లలో కాదు, పుట్లలో. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ధర ఎంత పలికిందన్నదే ఆ నెలంతా టీకొట్ల దగ్గర మాట.

వడ్లు ఇల్లు దాటగానే పొలం చేతులు మారుతుంది. కోసిన మళ్లలో ముందు బాతుల మందలు దిగుతాయి, రాలిన గింజ వాటిది. ఎలుక బొరియలు తవ్వి అందులో దాచిన వడ్లు తీసుకోవడం యానాదులకు పాత ఆనవాయితీ. మెట్ట ప్రాంతం నుంచి గొర్రెల మందలు దిగుతాయి. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి. తెల్లగా ఉంటే పల్ల, తెలుపు మీద ముఖానా కాళ్ల మీదా నల్ల మచ్చలుంటే జోడిపి. రాత్రిపూట ఆ మందను తన చేలో పడుకోబెట్టుకున్నందుకు రైతు కాపరికి డబ్బో వడ్లో ఇస్తాడు. దీన్నే మంద కట్టించడం అంటారు. పెంట, ఉచ్చ కలిసి నేలకు ఎరువు. చివరగా, అందరికన్నా ఎక్కువ రోజులు, ఆ మళ్లు ఊరి గొడ్లవి. వరి మోళ్లలో చిగురు, గెనాల మీద గడ్డి, కాలువలో మిగిలిన నీళ్లు. కంచె లేదు, కౌలు లేదు. ఎవరి చేలో ఎవరి గొడ్డు మేసినా అడిగేవాళ్లు లేరు. అల్లూరుకు మేత బీడంటూ ఏదైనా ఉందంటే అది కోసిన మాగాణే.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ మాగాణి ఖాళీగా ఉంటుందో లేదో తేల్చేది అల్లూరు కాదు, సోమశిల. పెన్నా మీద 78 టీఎంసీల ఆ జలాశయంలో వేసవి నాటికి నీళ్లు మిగిలితే జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుని రెండో పంటకు ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో నిర్ణయిస్తుంది. ఆ నీళ్లు సంగం దగ్గర కాలువలోకి మళ్లి, కనిగిరి రిజర్వాయరు మీదుగా ఉత్తర డెల్టాకు వస్తాయి. సంగంలో 19వ శతాబ్దపు పాత ఆనకట్ట పనిని 2022 సెప్టెంబరు నుంచి కొత్త బ్యారేజీ చేస్తోంది. నెల్లూరోళ్లు ఈ వేసవి పంటను ఎడగారు అంటారు. ఏప్రిల్, మే నెలల్లో వేసి ఆగస్టు, సెప్టెంబరులో కోసే పంట ఇది. ఎడగారుకు నీళ్లొచ్చాయంటే రైతుకు పండగ. కోత అయిన పదిహేను రోజులకే ట్రాక్టరు దమ్ము మొదలవుతుంది. మోళ్లు బురదలో కలిసిపోతాయి, గొడ్లు కొట్టంలో కట్టుబడిపోతాయి. నీళ్లు రాని ఏడు మళ్లన్నీ గొడ్లవే, కానీ మే నాటికి చెరువు అడుగంటి వాటికి తాగే నీళ్లే కరువు. వరికి మంచి ఏడు పాడికి ఇరుకు ఏడు. పాడికి ఖాళీ దొరికిన ఏడు వరికి చెడ్డ ఏడు. ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి ఎవరూ ఇది తగువుగా చెప్పరు. చాలా ఇళ్లలో వడ్ల లెక్క మగవాళ్ల చేతిలో, పాల లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండటం వల్ల అది ఇంట్లోనే సర్దుకుపోతుంది.

కొట్టంలో పొద్దు నాలుగింటికి మొదలవుతుంది. పేడ తీసి, కసవు ఊడ్చి, గాడిలో నాలుగు గడ్డి పరకలు వేశాక దూడను విడుస్తారు. అది రెండు గుటకలు లాగేసరికి బర్రె చేపుతుంది. వెంటనే దూడను లాగి గుంజకు కట్టేయాలి. లాగేవాళ్ల చెయ్యి మీద, పితికేవాళ్ల చెయ్యి మీద ఆ పూట పాలు ఆధారపడి ఉంటాయి. అయిదున్నరకల్లా క్యాన్లు పాలకేంద్రం ముందు చేరతాయి. బర్రె పాలకు కనీసం అయిదు శాతం వెన్న, తొమ్మిది శాతం వెన్నేతర ఘనపదార్థం ఉండాలన్నది లెక్క. ఆ రెండో దాన్ని కేంద్రంలో అందరూ ఎస్‌ఎన్‌ఎఫ్ అనే అంటారు. మిషను మీద అంకెలు పడతాయి, చీటీ చేతికొస్తుంది.

"ఏంది అబయా, నిన్నటికీ ఇయ్యాలకీ ఇంత తేడానా?"

"వెన్న బాగానే ఉంది పెద్దమ్మా. ఎస్‌ఎన్‌ఎఫే పడిపోయింది. పచ్చిగడ్డి ఎయ్యడంలా?"

"యాడుంది నాయనా పచ్చిగడ్డి? గెనాల మీద కూడా మాడిపోయె."

ఈ మాటలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ ఎవరో ఒకరి నోట వినపడేవే. వేసవిలో పాలు తగ్గడానికి మేత ఒక్కటే కారణం కాదు. బర్రె చర్మం నలుపు, వెంట్రుక పలచన, చెమట గ్రంథులు తక్కువ. ఒంట్లో పుట్టిన వేడి చెమటగా పోయే దారి దానికి చాలదు కాబట్టే నీళ్లలో పడుకుంటుంది, బురద పూసుకుంటుంది. ఇంకో సంగతి దాని కాన్పుల వరస. చలికాలంలో ఎదకు వచ్చి చూలు కట్టిన బర్రె పది నెలలు మోసి వానాకాలం చివర్లోనో చలి మొదట్లోనో ఈనుతుంది. అంటే వేసవికి ఊళ్లో సగం బర్రెలు వట్టిపోయే దశలోనో, నిండు చూలుతోనో ఉంటాయి. ఎండల్లో ఎదకు వచ్చినా అరవదు, చెదరదు. దాన్నే మూగ ఎద అంటారు. తెల్లవారుజామున కొట్టంలోకి పోయి జాగ్రత్తగా గమనించేవాళ్లకే అది తెలుస్తుంది. ఒక్క ఎద తప్పితే మూడు వారాలు పోయినట్టు, ఆ మూడు వారాలూ రాబోయే ఏడాది పాల చీటీలో కనపడతాయి.

తొమ్మిది దాటితే గొడ్డును బయటికి తోలరు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అంతే మేత. మధ్యలో పడమటి గాలి. మే నెలలో అది వీస్తున్నంతసేపూ గోలెంలో నీళ్లు కూడా వేడెక్కుతాయి. గోనెపట్టాలు తడిపి కొట్టానికి పడమటి వైపు కడతారు, పైన తాటాకో రేకో ఉంటే దాని మీద గడ్డి పరుస్తారు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే ఊరంతా ఒక్కసారి తెరిపిన పడుతుంది. గాలి తిరగని రోజున పాలు తగ్గుతాయని చీటీ చూడకుండానే చెప్పేస్తారు. తాగడానికి తవుడు, తెలగపిండి కలిపిన కుడితి. అందులో చారెడు ఉప్పు కచ్చితంగా పడుతుంది. ఇసకపల్లి ఉప్పు మళ్లకూ ఇదే అదును. ఎండ ఎంత కాస్తే ఉప్పు అంత తేరుతుంది. మనుషుల్నీ గొడ్లనూ మాడ్చే ఎండే అక్కడ కూలి పెడుతుంది.

పగటి పనిలో పెద్దది గడ్డి. వరిగడ్డే ఇక్కడి పశువుకు ఏడాది పొడుగునా అన్నం. పూర్వం నెల్లూరు మొలగొలుకులు పండేవి. ఆరు నెలల పంట, మనిషి నడుము దాటే పొడుగాటి గడ్డి. ఆ తర్వాత వచ్చిన నెల్లూరు మసూరి లాంటి రకాలు దిగుబడి పెంచాయి, పైరు పొట్టి చేశాయి. పొట్టి పైరుకు తుఫాను గాలిలో పడిపోయే బాధ తక్కువ, గడ్డీ తక్కువే. కోత మిషను వచ్చాక దిగువ గడ్డి చేలోనే మోళ్లుగా ఉండిపోతుంది, పైగడ్డి నలిగి చెదిరిపోతుంది. దాన్ని కట్టలు కట్టే మిషన్లు వచ్చాయి కానీ ఆ కట్టలకు బయటి నుంచి లారీలు కూడా వస్తాయి. కొనగలిగినవాళ్లదే గడ్డి. ఉన్న గడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. అందుకే పశువైద్యులు ఊరపెట్టమంటారు: వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచితే మాంసకృత్తుల పాలు దాదాపు రెట్టింపవుతుంది. చేసేవాళ్లు ఉన్నారు, వాసనకు జడిసి మానుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకటి రెండు సెంట్లలో సూపర్ నేపియర్ నాటి మోటారు నీళ్లతో నెట్టుకొచ్చేవాళ్లు అన్నిటికన్నా ధీమాగా ఉంటారు.

మే చివర్లో మరో పని, టీకాలు. తొలకరి పడితే గొంతువాపు ఊళ్ల మీద పడుతుంది కాబట్టి వానకు ముందే సూది పడాలి. పిడుదుల బాధ వేసవిలోనూ ఉంటుంది. సాయంత్రం బర్రెను కడిగేటప్పుడు చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగు మడతల్లో చేత్తో తడిమి ఏరతారు. చూసేవాళ్లకు అది ముద్దు చేయడంలా ఉంటుంది గానీ అది తనిఖీ.

ఇప్పుడు ఈ జిల్లా పేరు మోసుకుని ప్రపంచమంతా తిరుగుతున్న గొడ్డు సంగతి. బ్రెజిల్‌లో పశువులు ఇరవై కోట్లు దాటి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నెలోరి జాతివో దాని సంకరాలో. ఆ పేరు మన నెల్లూరే. అసలు మనం ఒంగోలు గిత్త అనే జాతికి నెల్లూరు పేరు ఎందుకు పడిందంటే, 19వ శతాబ్దంలో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు తాలూకా అటు పోయింది, 1970లో ప్రకాశం జిల్లా పుట్టింది. పేర్లు మారే లోపే పశువులు ఓడలెక్కేశాయి. 1960 దశకం మొదట్లో వెళ్లిన గిత్తల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న గిత్త అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకటైంది.

అక్కడి పశుక్షేత్రంలో ఒక గొడ్డుకు సగటున ఒక హెక్టారు బీడు. నెల్లూరులో ఇళ్ల స్థలాలకు అంకణం కొలత, అంకణం అంటే 36 చదరపు అడుగులు. హెక్టారుకు దగ్గర దగ్గర మూడు వేల అంకణాలు. అల్లూరు కొట్టంలో ఒక బర్రెకు దక్కేది సుమారు ఒక్క అంకణం. అక్కడ పశువు మాంసానికి, ఇక్కడ పాలకు. అక్కడ గుర్రాలెక్కి మందను తోలతారు, ఇక్కడ పలుపు పట్టుకుని ఒక్కో గొడ్డును పేరు పెట్టి పిలుస్తారు. అయినా ఎండుకాలపు చిక్కు మాత్రం రెండుచోట్లా ఒక్కటే. బీడు ఎండి గడ్డిలో సత్తువ పోయినప్పుడు బ్రెజిల్ రైతు కూడా ఉప్పులో యూరియా కలిపి తొట్లలో పెడతాడు. ఆ జాతి ఎద్దులు అల్లూరు పొలాల్లో ఇప్పుడు అరుదు. దుక్కి ట్రాక్టరుకు పోయాక ఎద్దుల జత ఉన్న ఇల్లు వేళ్ల మీద లెక్క. తిరునాళ్లలో బండలాగుడు పోటీల రోజున మాత్రం ఒంగోలు జతలు నూనె రాసుకుని వస్తాయి, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

మేత తగ్గడానికి ఎడగారు ఒక్కటే కారణం కాదు. 1990ల మొదట్లో రొయ్యల సాగు ఊపందుకున్నప్పుడు బకింగ్‌హాం కాలువకు అటూ ఇటూ ఉన్న చౌడు నేలలు, ఊరుమ్మడి బీళ్లు చాలావరకు గుంటలయ్యాయి. దశాబ్దం సగానికి తెల్లమచ్చ తెగులు ఆ సాగును కుదిపేసింది. 2009 తర్వాత వనామి రొయ్యతో మళ్లీ లేచింది. గుంటల నుంచి ఊరిన ఉప్పు నీళ్లు తాకిన గట్ల మీద గొడ్డు తినే గడ్డి మొలవదు. రొయ్య తెచ్చిన డబ్బుతో మేడలు లేచిన మాటా నిజమే, ఆ మేడల వెనక కొట్టాలు చిన్నవైన మాటా నిజమే.

ఇంత ఇరుకులోనూ కొట్టం నిలబడటానికి కారణం సూటిది. వడ్ల డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, వచ్చినదాంట్లో అప్పు ముందు పోతుంది. పాల డబ్బు పది పదిహేను రోజులకోసారి ఆడమనిషి చేతికి వస్తుంది. చిల్లర కొట్టు బాకీ, కరెంటు బిల్లు, జూన్‌లో బడి పుస్తకాలు దాంతోనే తీరతాయి. ఉపాధి హామీ కింద కట్టిన గోకులం షెడ్లు, నీటి తొట్లు కొంత ఆసరా. కానీ షెడ్డు నీడ ఇస్తుంది, మేత ఇవ్వదు.

అందుకు దారి లేకపోలేదు. వరి కోతకు ముందే చేలో తడి ఉండగా పిల్లిపెసరో జనుమో చల్లడం డెల్టా రైతుకు తెలిసిన పనే. కోతయ్యాక మిగిలిన తేమతోనే అది లేస్తుంది, గొడ్డుకు పచ్చిమేత, నేలకు నత్రజని. ఎడగారుకు నీళ్లు వదిలే ఏడు ప్రతి రైతూ ఎకరాకు అయిదు సెంట్లు మేతకు ఉంచినా కొట్టంలో పూట గడుస్తుంది. నీళ్లు రాని ఏడు చెరువులో చివరి అడుగు నీళ్లు గొడ్లకు అట్టే పెట్టాలి. రెండూ జీవోలతో జరిగేవి కావు, ఊరు కూర్చుని ఒప్పుకుంటే జరిగేవి. సలహా మండలి లెక్క ఎకరాల్లో, టీఎంసీల్లో ఉంటుంది. పాలకేంద్రం చీటీ పట్టుకున్న పెద్దమ్మను కూడా ఒకసారి ఆ లెక్కకు కూర్చోబెడితే, వరికీ గొడ్డుకూ కలిపి ఎన్ని నీళ్లు కావాలో ఆమె సూటిగా చెబుతుంది. రెండూ సాకుతున్నది ఆమే.