భోగిపండ్లు

పండుగకు ధనము కావలెనని పలువు రనుకొందురు. చిన్నబిడ్డలున్న యింట పండుగకు ముఖ్యముగా కావలసినది తీరిక. ఈ సంగతి మొన్నటి సంక్రాంతికి మా యింటనే తెలిసికొంటిని. దానితోపాటు మరియొక పాఠమును నేర్చితిని. అది నాకు సిగ్గు కలిగించినది గనుక దానినే ప్రధానముగా చెప్పదలచితిని.

మేము కాకినాడలో నొక మేడమీద మూడుగదులలో అద్దెకున్నాము. నాకు ఏడేండ్ల కూతురును మూడేండ్ల కొడుకును గలరు. మా తండ్రిగారు గతించిన పిదప మా యమ్మ పల్లెలోని యిల్లు విడిచి మాయొద్దకు వచ్చినది. ఆ యేడు మాకు పండుగలు లేవు. మరుసటి యేడు ధనుర్మాసము ప్రవేశింపగానే మా యమ్మాయి, "ఈసారైనా పండుగ చేసుకుంటామా?" అని యడిగెను. నేను నా భార్యవంకను, ఆమె మా యమ్మవంకను చూచితిమి. అమ్మ క్షణకాల మూరకుండి, "పిల్లలున్న ఇంట్లో పండుగ మానకూడదు. రేపు పాలవాణ్ణి అడిగి కాస్త పేడ తెప్పించరా" అనెను.

నాటినుండి నెలదినములు మా యింట సందడియే సందడి. అమ్మ పేడను చిన్న బిళ్లలుగా తట్టి, నడుమ వ్రేలితో రంధ్రము చేయుట పిల్లలకు నేర్పెను. అవి యెండిన పిదప పురికొసకు గ్రుచ్చి దండలు కట్టిరి. మా చిన్నవాడు చేసిన భోగిపిడకలలో గుండ్రనిది ఒక్కటియు లేదు. అయినను వాడు వానిని దినమునకు పదిమారులు లెక్కపెట్టెడివాడు. వానికి మూడువరకే లెక్క వచ్చును. కావున నెన్నిమారులు లెక్కపెట్టినను అవి మూడే.

ట్రంకుపెట్టెలను, నా పుస్తకములను మెట్లుగా పేర్చి, పైని తెల్లదుప్పటి పరచి బొమ్మల కొలువు దీర్చితిమి. అమ్మ పల్లెనుండి తెచ్చిన పెట్టెలో పోణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి బొమ్మలును, ఏటికొప్పాక లక్కపిడతలును ఉండెను. అంబారీ యేనుగునకు రంగు వెలిసిపోయినది. నా చిన్ననాట దాని తొండము విఱిచినవాడను నేనే. క్రిందిమెట్టున పిల్లలు అగ్గిపెట్టెలతో ఊరు కట్టిరి. తడియిసుకలో ఆవాలు చల్లి పచ్చని చేలు మొలిపించిరి. అరిసెల పాక మెప్పుడు దింపవలెనో నా భార్యకు తెలియదు. అమ్మ యొక చుక్క నీళ్లలో వేసి, వ్రేళ్లతో ఉండ చేసి చూచి, "ఇప్పుడు దించమ్మా" అనెడిది. అంగడి అరిసెలు పెట్టెలలో దొరకును గాని, పొయ్యియొద్ద అత్తకోడండ్రు కూర్చుండిన ఆ సాయంకాలము ఏ పెట్టెలోను దొరకదు.

భోగినాడు తెల్లవారకమున్నే వీధిలో మంట వేసితిమి. ఇరుగుపొరుగువారు విఱిగిన కుర్చీలను, పాతచేటలను తెచ్చి వేసిరి. పిల్లలు తమ పిడకల దండలను మంటలో వేసి కేరింతలు కొట్టిరి. ఆ మంటమీదనే నీళ్లు కాచి వారికి తలంటు పోసితిమి.

సాయంకాలము భోగిపండ్ల పేరంటము. రేగుపండ్లు, చెఱకు ముక్కలు, నానిన శనగలు, పూలరేకులు, చిల్లర నాణెములు కలిపి పళ్లెరమునిండ పోసిన దెవ్వరు? మా యమ్మయే. చిన్నవానికి కొత్తచొక్కా తొడిగి పీటమీద కూర్చుండబెట్టిన దెవ్వరు? ఆమెయే. ముత్తైదువలు వచ్చిరి. నా భార్య హారతి పళ్లెము చేత బట్టుకొనెను. అప్పుడు మా యమ్మాయి నలుదిక్కులు చూచి, "నాయనమ్మ ఏది?" అని యడిగెను.

వంటగది తలుపు ఓరవాకిలిగా నుండెను. దాని వెనుక అమ్మ చీరచెఱగు కనబడుచుండెను.

చదువరులారా! ఆ చెఱగును చూచినతోడనే నా బాల్యమున మా నాయనమ్మయు నిట్లే తలుపు వెనుక నిలుచుండుట నాకు జ్ఞప్తికి వచ్చెను. వితంతువుల పునర్వివాహమునకు 1856లోనే చట్ట మేర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిరి. ఈ సంగతులను నేను సభలలో నెన్నియోమారులు చెప్పియుంటిని. పేరంటమునకు పిలువవలసినవారి పట్టికను వ్రాసినవాడనును నేనే. ఆ పట్టికలో మా యమ్మ పేరు లేదు. లేదని నాకు తోచనైనను లేదు.

నాకు మాట రాకమునుపే నా భార్య హారతి పళ్లెమును క్రింద నుంచి లోనికి బోయెను.

"అత్తయ్యగారూ, మొదటి దోసెడు మీరే పోయాలి."

"వద్దమ్మాయీ, నా చేయి పిల్లాడికి మంచిది కాదు."

"రోజూ వాడికి అన్నం కలిపి పెట్టే చేయి కాదా అండీ అది?"

వచ్చినవారిలో నొక వృద్ధురాలు, "ఆచారాలు పెద్దలు ఊరికే పెట్టారా? ఎన్నడూ లేనిది ఇప్పుడెందుకు?" అని లేచి, తాంబూలము పుచ్చుకొనకయే వెడలిపోయెను. ఆ మాట అమ్మ వినెను. ఆమె మరల లోనికి బోవునని నేను భయపడితిని. ఇంతలో పీటమీది చిన్నవాడు, "నాయనమ్మా, పొయ్యి!" అని యఱచెను. అమ్మ వచ్చెను. దోసిలి వణకెను. పండ్లు సగము వాని తలమీదను, సగము నేలమీదను పడెను. పిల్లలు నాణెములకై ఒకరిమీద నొకరు పడిరి. తక్కినవారు తమ దోసిళ్లతో పోసి, మారుమాట యాడక కూర్చుండిరి.

కథ ఇంతటితో ముగిసినచో నేను దీనిని వ్రాయకపోదును. ఆ రాత్రి చిన్నవానికి జ్వరము తగిలెను.

అమ్మ గదిమూలను కూర్చుండి తెల్లవార్లు కన్ను మూయలేదు. వానిని తాకనును లేదు. "చెప్పాను కదరా" అని యొక్కమాట మాత్రమే యనెను. నేను తడిగుడ్డ వాని నొసట వేయుచుంటిని. నిజము దాచనేల? అర్ధరాత్రము దాటిన పిదప నా మనస్సులోను నొక్క క్షణము, 'ఒకవేళ...' యని తోచెను. ఇన్ని చదివినవానికి ఆ యాలోచన యెచ్చటనుండి వచ్చినది? అదియు నా తలుపు వెనుకనే యింతకాలము పొంచియుండెను గాబోలు.

తెల్లవారిన పిదప వైద్యుడు చూచి, సామాన్యమైన జలుబే యనియు, ఆ వారము మా వీధిలో పలువురు పిల్లలకు వచ్చినదే యనియు చెప్పెను. ఆ పిల్లలలో ముత్తైదువలచేతనే భోగిపండ్లు పోయించుకొన్నవారును గలరు. ఈ మాటను నా భార్య అత్తగారికి మెల్లగా చెప్పెను. కనుమునాటికి జ్వరము దిగెను. కనుమునాడు కాకియైనను కదలదందురు, మేమును కదలలేదు. మినపగారెలు వేగుచుండగా అమ్మ తానై లేచి వచ్చి, చిన్నవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒక గారె త్రుంచి పెట్టెను. ఆ సంక్రాంతికి మాకు పండుగ అప్పుడు వచ్చినది.

ఆచారము కదలదని యనువారు ఆకాశమువంక చూడవలెను. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలోనే జరుగుచున్నది. సుమారు 1,700 ఏండ్ల క్రిందట ఆ దినమును మకర సంక్రమణమును ఒక్కటిగా నుండెను. ఇంచుమించు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున ఎడమగుచు నేటికి జనవరి 14, 15 తేదీలకు వచ్చినవి. ఆకాశమున నింత కదలినను పండుగకు చెడుపు రాలేదు. ఒక తల్లి వంటగదినుండి ముందరి గదిలోనికి నాలుగడుగులు కదలినచో చెడుపు వచ్చునా?

అయితే మా యమ్మ పూర్తిగా సమాధానపడినదని చెప్పజాలను. ఏబది యేండ్ల భయము ఒక దోసెడు రేగుపండ్లతో పోవునది కాదు. మొన్న మా యమ్మాయి వచ్చే సంక్రాంతి పేరంటమునకు తానే పట్టిక వ్రాసి, మొదటిపేరుగా "నాయనమ్మ" అని పెట్టి, ఆమెకు చదివి వినిపించెను. అమ్మ నవ్వలేదు, కాదననును లేదు. "చూద్దాంలే. ముందు పిడకలు ఎండనీ" అనెను.

వచ్చే యేడు ఆ తలుపు తీయుట నా వంతు.