నన్నీ

ట్యూబ్‌లైటు పట్టీ వెనక రెండు తెల్లటి గుడ్లు. బల్లి పెట్టి వెళ్లిపోతుంది, పొదగదు, మేపదు. అగ్గిపుల్లంత పిల్ల పుట్టినప్పటి నుంచే తన రిజ్క్ తానే వెతుక్కోవాలి. నా బేటీ దానికి నన్నీ అని పేరు పెట్టింది. పరవరిష్ అంటే రాత్రిళ్లు దానికోసం లైటు వేసి ఉంచడమే, దోమలు వాటంతట అవే వచ్చేవి. ఏడాదికి నా మధ్యవేలికన్నా పొడుగైంది.

అమ్మీ చీపురందుకుంది. ఇబ్రాహీం అలైహిస్సలామ్‌ని వేసిన మంటను ఛిప్‌కలీ ఊదిందని హదీసు.

"దాదీ, అప్పటికి మన నన్నీ పుట్టలేదు కదా?" అంది బేటీ.

అమ్మీ చాలాసేపు గోడకేసి చూసి, చీపురు దించింది.

ఎన్నడో పోయిన బాద్షాల హిసాబు ఇవాళ్టి పిల్లల్ని అడుగుతున్న జమానాలో, ఆ సవాల్ నాకు ఒక్క బల్లి గురించే అనిపించలేదు.