ఫోన్ల పడ్డ కొడవలి



ఉగాది పొద్దుగాల మన ఊరి గ్రూపులో తిరిగిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటరు. డల్లాస్‌లో ఉండే మన ఊరి పిల్లగాడు పంపిండు. మనకు ఉగాది తెల్లవారక ముందే, వాళ్ళకింకా 2024 ఏప్రిల్ 8 మధ్యాహ్నం, అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం. ఫోటోలో సూర్యుడు తెల్లగా, గుండ్రంగా, కళ్ళు చెదిరేటట్టున్నడు. కింద ఓ పక్కకు ఆకుపచ్చ రంగులో చిన్న కొడవలి. ఒకరు రెండో సూర్యుడన్నరు, ఒకరు రాహువన్నరు, మిగతావాళ్ళు దండాలు పెట్టిండ్రు.

నేను ఫోను బోర్లా పెట్టిన. అసుంటి కొడవలే నాలుగేండ్ల కింద మా ఇంట్లో రెండు నెలలు ఎవరికీ నిద్ర లేకుండ చేసింది. ఇన్నాళ్ళు ఈ సంగతి రాయలేదు. మా బిడ్డను అడిగితే, రాయి నాయినా, ఏమైతది అన్నది. అందుకే రాస్తున్న.

2019 డిసెంబర్ 26, గురువారం, అమావాస్య. పొద్దుగాల ఎనిమిది దాటినంక పట్టి పదకొండు దాటినంక విడిచింది. కేరళ, తమిళనాడు దిక్కు ఉంగరం లెక్క కనబడ్డది. మన నల్గొండకు పాక్షికమే, అయినా సగానికి పైగా కమ్మింది. మా బిడ్డ ఏడో నెల కడుపుతోటి పురిటికి మా ఇంటికొచ్చి ఉన్నది. మా ఇంటామె ఆమెను లోపలి అర్రలో పండబెట్టి, కదలొద్దు, గోరు గిల్లొద్దు, గడప దాటొద్దని కట్టడి చేసింది. నేనేమో కొత్త ఫోను పట్టుకొని వాకిట్ల నిలబడ్డ. అప్పుడే లేగదూడ పలుపు తెంపుకొని నారుమడి దిక్కు ఉరికింది. దూడ, దూడ అని మొత్తుకున్న. చిన్నప్పటినుంచి పనికి అలవాటైన పిల్ల, ఆగుతదా? బయటికొచ్చి దూడకు అడ్డం నిలబడ్డది. నేను అదే టైముకు బటన్ నొక్కిన. ఆమె బయట ఒక్క నిమిషం కూడ లేదు.

సాయంత్రం నా కొడుకు ఫోటోలు తిప్పుకుంట, "ఇదేంది నాయినా?" అన్నడు. పైన ఎడమ దిక్కు కొట్టం మీద సూర్యుడు. కింద కుడి దిక్కు మా బిడ్డ. సరిగ్గా ఆమె కడుపు మీద ఆకుపచ్చ కొడవలి.

మా ఇంటామె ఒక్కటే మాట అన్నది. "మొర్రి." అని అక్కడ్నే కూలబడ్డది.

పెదవి చీలి పుడితే మన భాషలోనే గ్రహణం మొర్రి అంటం గదా. మా వాడలనే ఒకాయన ఉన్నడు, నాకంటే పదేండ్లు చిన్న. 1980 ఫిబ్రవరి 16న మన నల్గొండ మీంచే సంపూర్ణ గ్రహణం పోయింది, ఆయన ఆ సంవత్సరమే మే నెలల పెదవి చీలి పుట్టిండు. గ్రహణం నాడు కత్తిపీట ముంగట కూసున్నవని ఆయన తల్లిని అత్త బతికినన్నాళ్ళు అన్నది. పండుగ నాడు కూడ అన్నది. ఆమె తిరిగి ఒక్క మాట అనంగ నేను వినలేదు. ఆ ఇల్లు కండ్ల ముంగట కనబడుతుంటే మా ఇంటామెను ధైర్యంగ ఉండు అని ఎట్ల అంట?

ఫోటో ఎట్ల పోయిందో ఏమో, రెండు రోజులల్ల వియ్యపురాలి ఫోనుకు చేరింది. "అన్నయ్యా, పిల్లను బయటికెట్ల పోనిచ్చిండ్రు?" అన్నది. గట్టిగ అనలేదు, ఏడ్చుకుంట అన్నది, అందుకే ఇంకా తగిలింది. శాంతి చేయిస్తే పోతదని ఒకాయన చెప్పిండు. పత్తి అమ్మిన పైసలల్ల ఐదువేలు ఇచ్చిన. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గే, కానీ ఇచ్చిన మాట నిజం.

వారం దాటినంక ఓ రాత్రి బాయి కాడ మోటరు బంద్ చేస్తున్న. స్టార్టర్ డబ్బా మీద బల్బు వెలుగుతున్నది. ఏం తోచిందో, దాన్ని ఫోటో తీసిన. చూస్తే చీకట్ల ఓ మూలకు ఆకుపచ్చ చుక్క. ఫోను జరిపితే చుక్క బల్బుకు ఎదురు దిక్కుకు జరిగింది. బల్బును ఎడమకు తెస్తే చుక్క కుడికి పోయింది. బల్బును వేలితో కప్పితే చుక్క లేదు. బాయి గడ్డ మీద కూసోని గ్రహణం నాటి ఫోటోలు మళ్ళ తీసి చూసిన. మొత్తం తొమ్మిది. అన్నిట్లో కొడవలి ఉన్నది! ఒకదాంట్ల గోడ మీద, ఒకదాంట్ల గడ్డివాము మీద, ఒకదాంట్ల పెంటకుప్ప మీద. మేము ఒక్క ఫోటోనే పట్టుకొని ఏడ్చినం.

తెల్లారి బడికి పోయి సైన్సు సారుకు చూపించిన. ఆయన కాగితం మీద ఫోటో నడిమధ్యల చుక్క పెట్టి, సూర్యుడి నుంచి ఆ చుక్క మీదుగ గీత గీసిండు. గీత నేరుగ కొడవలి మీదికి పోయింది. ఇటెంత దూరమో అటు అంతే దూరం. ఫోను కెమెరాల ఒకదాని వెనుక ఒకటి చిన్న చిన్న కటకాలు ఉంటయట. రాత్రి బస్సు అద్దంల మన మొహం మనకు కనబడ్డట్టు, ఎక్కువ వెలుగు పడితే అందులో కొంచెం ఆ కటకాల మధ్యల తగిలి వెనక్కి మళ్ళి, తలకిందులై ఇంకో చోట పడుతది. కటకాలకు పూత ఉంటది కాబట్టి ఆ మచ్చకు ఆకుపచ్చో నీలమో రంగు వస్తది.

మరి అసలు సూర్యుడు గుండ్రంగ ఉండి, మచ్చ మాత్రం కొడవలి లెక్క ఎందుకున్నదని అడిగిన. దానికి సారు చెప్పింది నాకు మన లెక్కల అర్థమైంది. మడి నిండి గట్ల మీంచి పారితే మడి ఆకారం కనబడదు, అంతా నీళ్ళే. సన్నగ తడి పారితేనే ఏ మూల ఎట్లున్నదో తెలుస్తది. సూర్యుడి వెలుగు కెమెరాకు అట్ల గట్లు దాటింది, మచ్చల ఉన్నది సన్న తడి. అంటే మేము దయ్యం అనుకున్నదే ఆ పూట సూర్యుడి అసలు రూపం, కాకపోతే తిరగబడ్డది.

ఇది విన్నప్పుడు నాకు 1980 యాదికొచ్చింది. అప్పుడు నాకు పదేండ్లు. మధ్యాహ్నం దాటినంక తలుపులు పెట్టి మమ్మల్నందరిని లోపల కూసోబెట్టిండ్రు. పెంకుల సందుల నుంచి రోజూ నేల మీద పావలా బిళ్ళంత గుండ్రని వెలుగు పడేది. ఆ రోజు అది సన్నబడి సన్నబడి గోరంత వంపు అయింది. నేను వేలు పెట్టబోతే మా నాయనమ్మ దాని మీద చాట బోర్లేసింది. ఇంతల ఇల్లంత చీకటైంది, చెట్ల మీద కాకులు ఒక్కసారే అరిచినయి. రెండు నిమిషాల పైచిలుకు. దేశదేశాలనుంచి పెద్ద పెద్దోళ్ళు వచ్చి చూసిన గ్రహణం మా నెత్తి మీంచి పోయింది, నేను చాట కింద ఏముందో చూసుకుంట కూసున్న. సన్న సందు దొరికితే చాలు, వెలుగు సూర్యుడి బొమ్మ గీస్తదట. వేపచెట్టు కింద ఆకుల సందుల నుంచి రోజూ పడే గుండ్రని మచ్చలు అవే. గ్రహణం పూట అన్నీ కొడవళ్ళైతయి. జల్లెడ పట్టినా అంతే.

ఇంక అసలు భయం ఉండనే ఉన్నది. మచ్చ సంగతి తెలిసినా మా ఇంటామె ఒప్పుకోలేదు. బిడ్డను చూపించడానికి దవఖానకు పోయినప్పుడు డాక్టరమ్మను నేనే అడిగిన. ఆమె నవ్వలేదు, దానికి ఆమెకు దండం పెట్టాలె. పిండానికి పెదవి అతుక్కునేది రెండో నెల లోపలనేనట. అప్పుడు అతుక్కోకపోతేనే చీలిక. ఏడో నెలల ఎండ పడినా, నీడ పడినా, కత్తి పట్టినా అతికిన పెదవి చీలదన్నది. ఒకవేళ పుట్టినా కొన్ని నెలలకు ఆపరేషన్ చేస్తరు, బాగైతది, దానికి తల్లిని అనొద్దన్నది. మా ఇంటామె అప్పుడు కొంచెం తెరిపిన పడ్డది. అయినా మార్చిల, లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు, మనుమరాలు పుడితే ఆమె మొదట చూసింది నోరే. నేను కూడ.

ఆ పిల్లకు రెండున్నరేండ్లప్పుడు, 2022 దీపావళి తెల్లారి, అక్టోబర్ 25 సాయంత్రం మళ్ళ పట్టింది. ఐదు గంటల సుమారుకు మొదలై, గ్రహణంతోనే పొద్దు గూకింది. పొద్దుకు వీపు పెట్టి పిల్లను నా ముంగట నిలబెట్టుకొని, జల్లెడ అడ్డం పట్టి గోడ మీద వందల కొడవళ్ళు చూపించిన. ఉత్త కండ్లతోటి సూర్యుణ్ణి చూడనియ్యలేదు. మీరు కూడ ఎక్స్‌రే ఫిల్ముతోటో, పళ్ళెంల పసుపునీళ్ళల్లనో చూడకండి, అట్ల చూసినా కండ్లు పోతయి. పళ్ళెంల రోకలి నిలబడిందని ఫోటోలు పెట్టేటోళ్ళకు ఒక్కటే మాట, మామూలు రోజు కూడ నిలబెట్టి చూడండి.

డల్లాస్ ఫోటో సంగతి. నేను దాని మీద గీత గీసి చూసిన, నడిమధ్యల నుంచి నేరుగ పోయింది. అది కెమెరా కొడవలే. కాకపోతే అక్కడ పూర్తిగ చీకటి పడ్డప్పుడు తీసిన ఫోటోలల్ల సూర్యుడి దగ్గర తెల్ల చుక్క కనబడితే అది శుక్రుడు కావచ్చు, ఆ రోజు పగలే కనబడ్డది. తేడా తెలవాలంటే రెండు మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టండి. శుక్రుడు సూర్యుడి పక్కన అదే చోట ఉంటడు. కెమెరా మచ్చ ఫోను తిప్పితే ఫోటోల సూర్యుడు జరిగిన దిక్కుకు ఎదురు దుంకుతది.

మా వాడ ఆయన గురించి చెప్పిన గదా. డాక్టరమ్మ మాట ఆయనకు చెప్పడానికి నాకు చానా రోజులు పట్టింది. ఓ రోజు కల్లం కాడ చెప్పిన. తల్లి పోయి అప్పటికి చానా ఏండ్లయింది. ఆయన ఏం మాట్లాడక వేళ్ళ మీద నెలలు వెనక్కి లెక్కబెట్టుకున్నడు. మే, ఏప్రిల్, మార్చి, ఫిబ్రవరి దాటి సెప్టెంబర్ దాక పోయిండు.

"అప్పుడు గ్రహణం లేదు గదన్నా?" అన్నడు.

లేదన్న.

మీసం మీద చెయ్యి పెట్టుకొని కొంచెంసేపు అట్లనే కూసున్నడు. తర్వాత లేచి, సంచులు కుట్టేది ఉన్నదని పోయిండు.